కుడి అద్దం

శుక్రవారం సాయంత్రం సరస్సు దగ్గరికి చేరేలోగా మా పాప జోసీ కారులో రెండుసార్లు వాంతి చేసుకుంది. నేను ఆ వారమంతా వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళ పక్కలు మార్చి, ఒళ్ళు తుడిచి, నిద్ర చాలని కళ్ళతో వచ్చాను. మర్నాడు మా అత్తామామల నలభై ఐదో పెళ్ళిరోజు. ఆదివారం వాళ్ళు జోసీని తమ బండిలో ఎక్కించుకుని పడమటి కొండలవైపు వెళ్ళాలి. సెలవులయ్యేదాకా పిల్ల వాళ్ళ దగ్గరే. నా ఉద్యోగం ఆ ఏర్పాటు మీదే నిలబడి ఉంది. ఐదేళ్ళ పిల్లను పగలు చూసుకునేవాళ్ళు నాకు ఇంకెవరూ లేరు. నా భర్త కోడీ ఇళ్ళ పైకప్పులు వేసే పనికి తెల్లారకముందే వెళ్ళిపోతాడు.

మామగారు డెల్మర్ ముప్పై ఒక్కేళ్ళు బడి బస్సు నడిపారు. ఊళ్ళో పిల్లలందరికీ ఆయన మిస్టర్ డెల్. పదకొండో తరగతిలో కడుపుతో చదువు మానేసేదాకా నేనూ ఆ బస్సే ఎక్కాను. కోడలినయ్యాక కూడా నా నోట అదే పిలుపు. ఉద్యోగం అయిపోగానే ఆయనా, అత్తగారు అర్లీన్ ఇల్లు అమ్మి, ఈ పొడవాటి బండి కొనుక్కున్నారు. పొయ్యి, మంచం, స్నానాలగది అన్నీ అందులోనే. నాలుగేళ్ళుగా ఊరూరా తిరుగుతూ అందులోనే కాపురం.

మేం సరస్సు దగ్గర దిగిన పది నిమిషాలకు వాళ్ళ బండి వచ్చింది. అంత బండిని వెనక్కి నడిపి, ఒడ్డున బండ్లకు కేటాయించిన స్థలంలో పెట్టడమంటే చుట్టుపక్కల బండ్లవాళ్ళకు వేడుక. కుర్చీలు ఇటు తిప్పుకుని, చేతిలో బీరు డబ్బాతో చూస్తారు. భార్య వెనక నిలబడి సైగలు చేయాలి, భర్త అద్దంలో చూస్తూ నడపాలి. అరుచుకోకుండా ఆ పని ముగించే జంటలు తక్కువ.

అర్లీన్ మోకాలు పట్టుకుని మెల్లగా దిగారు. కాలు వాచి ఉంది.

"మీరు కూర్చోండి, నేను చూపిస్తాను," అన్నాను.

"వద్దులే షెల్బీ. ఆయనకి నా చేతులే అలవాటు."

"చేతులూపడానికి కూడా అలవాటు కావాలా ఏంటి?"

ఆమె నవ్వలేదు. "సరే, ఎడమ అద్దంలోనే ఉండు. ఆయన మొహం నీకు కనిపిస్తే నువ్వు ఆయనకి కనిపిస్తున్నట్టే. కుడివైపు మాత్రం వెళ్ళకు."

మొదట ఆమె చెప్పినచోటే నిలబడ్డాను. కానీ బండి వెనక భాగం కుడివైపున్న చెక్కబల్ల మీదికి వెళ్తుంటే అటు పరిగెత్తాను. కుడి అద్దంలో ఆయన మొహం స్పష్టంగా కనిపించింది. నావైపే తిరిగి ఉంది. ఆపమని రెండు చేతులూ అడ్డంగా ఎత్తాను. ఆయన అలాగే చూస్తున్నారు. బండి వస్తూనే ఉంది. గొంతు చించుకుని అరిచాను. ఫెళ్ళుమని బల్ల విరిగింది.

బట్టలు మార్చడానికి కోడీ ఆ బల్ల మీదనుంచే జోసీని అప్పుడే ఎత్తుకెళ్ళాడు.

"ఆ బల్ల నిన్నేమందయ్యా!" అని పక్క బండాయన కేకేశాడు. అందరూ నవ్వారు.

"ఎండ కళ్ళల్లో కొట్టిందమ్మా," అన్నారు మామగారు దిగివచ్చి. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

బండి లోపల అర్లీన్ చేపముక్కలకు మొక్కజొన్న పిండి పట్టిస్తున్నారు. నేను తలుపు మూశాను.

"ఆయనకి కుడివైపు కనిపించదు కదూ?"

ఆమె చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "పోయిన శీతాకాలం నుంచి. తలలో ఏదో చిన్న నరం మూసుకుపోయిందన్నారు. కుడివైపు సగం పోయింది."

"మరి బండి ఎలా నడుపుతున్నారు?"

"నేనున్నాగా. కుడివైపు నేను చూసి చెప్తాను. లారీ వస్తోంది, ఆగు, పో, అని. మేమిద్దరం కలిస్తే ఒక మంచి డ్రైవరు."

"డాక్టరు నడపొద్దనలేదా?"

"అన్నాడు." ఆమె చేయి కడుక్కుని మంచం అంచున కూలబడ్డారు. "ఇల్లు లేదు షెల్బీ. ఇది ఆపితే ఎక్కడుంటాం? ఆయనకి ఇంకేం మిగులుతుంది? రేపు మా పెళ్ళిరోజు. కోడీకి చెప్పకు."

ఆమె కళ్ళకింద నల్లటి గుంటలు చూశాను. ముందు సీట్లో కూర్చుని ఏడు నెలలుగా ఈమె రెప్ప వేయలేదన్నమాట. ఎల్లుండి దారిలో జోసీ ఏడిస్తే ఈమె వెనక్కి తిరుగుతుంది. ఆ క్షణం కుడివైపు ఎవరు చూస్తారు?

శనివారం సాయంత్రం చేపలు, బంగాళాదుంపల సలాడు, నేను తెచ్చిన కేకు. మామగారు కోడలికి మొదటి ముక్క అని నా పళ్ళెంలో పెట్టి, జోసీని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు.

"అడవిదున్నల్ని చూస్తావా? బండి ఆపేసి, అవి రోడ్డు దాటేదాకా ఆగాలి తెలుసా?"

"నువ్వు హారన్ కొట్టు తాతా!"

"కొడితే నీ తాతని కుమ్మేస్తాయే!"

నేను పళ్ళెం పక్కన పెట్టాను. "మిస్టర్ డెల్, జోసీని పంపను," అన్నాను.

కోడీ తలెత్తాడు. "ఇదేంటి? సోమవారం నీకు డ్యూటీ కదా?"

"మీ నాన్నగారికి కుడివైపు కనిపించడం లేదు."

"ఎవరు చెప్పారు? ముప్పై ఒక్కేళ్ళలో ఆయన ఒక్క పిల్లకి గీత పడనివ్వలేదు. నిన్ను కూడా బడికి దించింది ఆయనే! ప్రతిదానికీ భయమే నీకు."

"అవును, భయమే. నిన్న నేను అద్దంలో ఉన్నాను కోడీ. నన్ను చూస్తూ నా మీదికే వచ్చారు."

అర్లీన్ తల వంచుకున్నారు. కోడీ ఏదో అనబోయాడు, మామగారు చేయి ఎత్తారు.

"అరవకురా. ఆ పిల్ల చెప్పింది నిజం." జోసీని ఒళ్ళోంచి దించి, చాలాసేపు జేబులో వెతికి తాళాలు తీసి కోడీ ముందు పెట్టారు. "కేకు బావుందమ్మా," అని లేచి సరస్సువైపు నడిచారు. అర్లీన్ కుంటుతూ వెనకే వెళ్ళి, ఆయనకు కుడిపక్కన చేరారు.

ఆదివారం బండిని కోడీ నడిపాడు, మా ఇంటి వెనక ఖాళీ జాగాకి. అక్కడ ఎన్నాళ్ళు పెడతారో, అంత ఎండలో ఎలా ఉంటారో, ఆయన నా మొహం చూస్తారో లేదో, నాకేమీ తెలియదు. మా కారు నేను నడిపాను, మామగారు నా పక్కన కూర్చున్నారు. వెనక సీట్లో అర్లీన్ పెద్దరోడ్డు ఎక్కకముందే నోరు తెరుచుకుని నిద్రపోయారు. జోసీ ఎంత కుదిపినా లేవలేదు.

ఇరవై మైళ్ళు వెళ్ళాక ఒక కూడలి దగ్గర ఆగాను. జోసీ సీసా కిందపడేసి ఏడుస్తోంది.

"కుడివైపు ఎవరైనా వస్తున్నారా మిస్టర్ డెల్?" అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆయన మెడా, భుజం, నడుము అంతా కలిపి కిటికీవైపు తిరిగారు. చాలాసేపు చూశారు. మా వెనక ఎవరో హారన్ కొట్టారు.

"ఎవరూ లేరు," అన్నారు. "అయినా నువ్వోసారి చూసుకో తల్లీ."