ఎరుపు కనబడని ఫిల్మ్

బాపట్లలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే హెప్సిబా ఆ ఫిల్మ్ పేరు అంతకుముందు వినలేదు. హైదరాబాదులో పాత కెమెరాలు అమ్మే ఆయన దగ్గర ఒక్క రీలు దొరికింది. నలుపు తెలుపు ఫిల్మే గానీ, దానికి ఎరుపు కనబడదట. పైగా మహా నిదానం. మామూలు ఫిల్మ్‌కి రెప్పపాటు చాలే చోట దీనికి నిండా ఒక సెకను పడుతుంది.

ఆదివారం ఆరాధన అవగానే రేపల్లె దాటి పెనుమూడి వెళ్లింది. అక్కడ ఆమె పెద్దమ్మ కృపమ్మ ఉంటుంది. ఫొటో అనగానే కృపమ్మ పెట్టె తీసి, ఎర్ర చీర కట్టుకుని వచ్చింది. కృష్ణ ఒడ్డున నీడలో కూర్చోబెట్టి, స్టాండు మీద కెమెరా పెట్టి, కదలొద్దంది హెప్సిబా. ఊపిరి కూడా తీసుకోకూడదా అని పెద్దమ్మ అడగడంతో మొదటి రెండూ పోయాయి. మూడోదానికి మాత్రం ప్రార్థనలో ఉన్నంత నిమ్మళంగా కూర్చుంది. అలా ఇంకొన్ని తీసి, చివర కాస్త ఫిల్మ్ ఖాళీగా వదిలేసింది.

మర్నాడు సెలవు పెట్టి, రేపల్లెలో తెనాలి రైలెక్కింది. ఆమె అమ్మానాన్నల పెళ్లి ఫొటోలు తీసిన జిలానీ స్టూడియో అక్కడే. డార్క్‌రూమ్ తలుపు తీసి పదిహేనేళ్లయిందని ఫోన్‌లో అంటూనే, ఆమె వచ్చేసరికి ఆయన ట్రేలన్నీ కడిగి ఉంచాడు.

ఎరుపు కనబడని ఫిల్మే కదా, ఎర్ర బల్బు వేసుకునే కడుగుదామంది హెప్సిబా. జిలానీ ససేమిరా అన్నాడు. కాగితమైతే ఎర్ర దీపం కింద కడుగుతాంగానీ, ఫిల్మ్‌కి కటిక చీకటి ఉండాల్సిందే. పెద్దావిడ ఫొటోలు పాడైతే పాపం తనకి చుట్టుకుంటుందన్నాడు.

"ముందు చిన్న ముక్క కోసి చూద్దాం బాబాయ్."

చీకట్లోనే తడుముకుంటూ ఖాళీ కొస కత్తిరించి, మిగతాది డబ్బాలో పెట్టి మూశాడు. అప్పుడు ఎర్ర బల్బు వేసి, ముక్క మీద రూపాయి బిళ్ల పెట్టారు. ఐదు నిమిషాలాగి ముక్కని మందుల్లో ముంచారు. వెలుతురు తగిలి ఉంటే బిళ్ల చుట్టూ నల్లబడాలి. ముక్క అద్దంలా తేటగా వచ్చింది. జిలానీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా చేతులు పైకి మడిచాడు.

ఫిల్మ్ రెండు కొసలూ పట్టుకుని ట్రేలో ఉయ్యాలలా ఊపసాగాడు. నిమిషం దాకా ఏమీ లేదు. ఉన్నట్టుండి నల్లటి మరకొకటి పొటమరించింది. అది ఆకాశం. తర్వాత ఏటి గట్టు, ఆ తర్వాత ఒక్కొక్క ముడతతో సహా కృపమ్మ ముఖం. చీర ఉన్నచోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. నెగటివ్ కదా, కాగితం మీద అది కారునలుపవుతుందని ఇద్దరికీ తెలుసు.

"ఇంక తీసెయ్యండి బాబాయ్, నల్లబడిపోతుంది."

"ఆగమ్మా. కళ్ల దగ్గర ఇంకా రావాలి." ఆయన ముఖం ట్రే మీదకి వంగిపోయింది. "నలభై ఏళ్లు కడిగాను. ఫిల్మ్ మీద బొమ్మ రావడం చూడటం ఇదే మొదలు."

సరిగ్గా కళ్లు తేలాక పైకి లాగాడు.

మధ్యాహ్నానికి కృపమ్మ ఫొటో కాగితం మీదకొచ్చింది. నల్లటి చీర, తెల్లటి ఆకాశం, మధ్యన రాతిలో చెక్కినట్టున్న ముఖం. అది ఆరనైనా లేదు, జిలానీ తడి కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, ఎదురుగా ఉన్న టీ కొట్టు మధుబాబుకి చూపించడానికి రోడ్డు దాటేస్తున్నాడు. దుమ్ము పడుతుందని అరుస్తూ వెనకాలే పరుగెత్తింది హెప్సిబా.