రెండో ఫంక్షన్

ఉతికిన బట్టలు మడతపెడుతున్న భార్యకు ఆయన ఎంతో ఓపికగా పాఠం చెప్పసాగాడు. మర్నాడు మీటింగులో మాట్లాడాల్సింది ముందు ఇంట్లో ఒకసారి చెప్పి చూసుకోవడం ఆయనకు అలవాటు.

"చిప్ తయారుచేసే ముందు దాన్ని కంప్యూటర్‌లో నడిపించి చూస్తాం కదా. వోల్టేజీ ఫలానా గీత దాటగానే 'ఇప్పుడు ఈ పని చెయ్యి' అని చెప్పేదే ఈవెంట్ ఫంక్షన్. కానీ కంప్యూటర్ ప్రతి క్షణాన్నీ చూడదు, అంగలు వేసుకుంటూ పోతుంది. రెండు అంగల మధ్యలో వోల్టేజీ గీత దాటి మళ్లీ దిగిపోయిందనుకో, దానికి తెలియనే తెలియదు! అందుకని నేనేం చేశానంటే..."

కూతురి గౌను ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది.

ఆ చిక్కు విప్పింది ఆమె. అత్తగారి ఆపరేషన్ అప్పుడు, ఆసుపత్రి గదిలో, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని. గీత దగ్గరపడుతున్న జాడ తెలియగానే కంప్యూటర్‌ను వెనక్కి తీసుకెళ్లి చిన్న చిన్న అడుగులు వేయించాలని తట్టిన పూట, సంతోషం పట్టలేక ముందు ఆయనకే ఫోన్ చేసింది. "వాడికి సాయం చేస్తున్నావా? మంచిదేలేమ్మా," అన్నారు అత్తగారు మంచం మీంచి. అప్పుడు నవ్వుకుంది. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే టీము, ఆయన లీడు. ఫైలు ఆయన పేరు మీద వెళితే ఏం పోయిందిలే అనుకుంది. "నీ బుర్ర ముందు నాదెంత!" అని కాలేజీలో అందరి ముందూ అన్న మనిషి. ఆ మాటకే కదా మనసిచ్చింది.

"అది నేను రాసింది," అంది మెల్లగా.

ఆయన గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు. "అవునవును, టైప్ చేసింది నువ్వే కదూ!" అన్నాడు ప్రేమగా.

ఆ ముఖంలో దొంగతనం కోసం వెతికింది. ఉంటే బాగుండునని వెతికింది. లేదు. కాజేసినవాడైతే పోట్లాడేది. మర్చిపోయినవాడితో ఏమని పోట్లాడుతుంది? బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున ఏడ్చింది.

మీటింగు బాగా జరిగింది. మేనేజరు ఆయన భుజం తట్టి రెండో ఫంక్షన్ కూడా అప్పగించాడు. వోల్టేజీ గీత దగ్గర వణుకుతూ పదేపదే అటూ ఇటూ దాటుతుంటే, దాన్ని ఒక్కసారిగానే లెక్కించాలి. వెనక వరసలో కూర్చుని వింటుండగానే ఆమెకు దారి కనిపించింది. గుండె ఝల్లుమంది, పెళ్లికి ముందు ఝల్లుమన్నట్టు.

సాయంత్రం ఆయన ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "కాస్త చూసిపెట్టవూ?"

ప్రాణమంత ఇష్టమైన పని. ఆమె దాన్ని మెల్లగా ఆయన వైపు జరిపింది.

"నాకు రాదు," అంది.

ఆయన వెంటనే నమ్మేశాడు.