ఇస్త్రీ బల్ల అడిగిన మాట

పొద్దున్నే అక్క కొట్టు తెరిచి, బల్ల మీద దుప్పటి పరిచి, ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు బట్టలకి నీళ్లు చిలకరించేది. భుజం నొప్పి కూడా అప్పుడే మొదలయ్యేది. తమ్ముడు సైకిల్ మీద ఇళ్లకి తిరిగి మూటలు తెచ్చేవాడు.

ఆ బల్లకి ఒక కాలు పొట్టి. ఎవరో మూటలో మర్చిపోయిన లావుపాటి పుస్తకాన్ని తమ్ముడు ఆ కాలి కింద పెట్టాడు. ఎప్పుడో గ్రీకు దేశంలో ఓ ముసలాయన, వీధిలో కనపడ్డవాళ్లనల్లా ఆపి ప్రశ్నలడిగిన ముచ్చట్లంట అందులో. అప్పట్నుంచి బల్ల ఊగడం మానేసి అడగడం మొదలెట్టింది. చెయ్యి ఆనిస్తే చాలు, న్యాయమంటే ఏంటి, స్నేహమంటే ఏంటి అంటుంది. తను మాత్రం ఏదీ చెప్పదు. ఈ సంగతి తెలిసినవాళ్లు మూట గుమ్మంలోంచే విసిరేసి పోయేవాళ్లు. దీనికంటే మా అమ్మే నయం, జవాబు కూడా తనే చెప్పేస్తుంది అనేది తమ్ముడి పెళ్లాం.

డాక్టరు ఇంక పెట్టె పట్టుకోవద్దన్నాడు, పట్టుకుంటే ఆ చెయ్యి లేవదన్నాడు. పక్కూరి బడిలో గేటు దగ్గర కూర్చుని గంట కొట్టే పని చూసిపెట్టింది అక్క స్నేహితురాలు. ఆ రోజు మధ్యాహ్నంలోపు ఏ సంగతీ చెప్పమంది. తమ్ముడేమో, నువ్వెళ్తే కొట్టు మూతేనని మొహం వేలాడేశాడు. రానని చెప్పేద్దామనుకుంది అక్క.

తెల్లచొక్కా మీద పెట్టె ఆనించి, నొప్పికి తాళలేక ఎడంచెయ్యి బల్ల మీద పెట్టింది.

"ధైర్యమంటే ఏంటి?" అంది బల్ల.

"నాకు ఓపిక లేదు ఇప్పుడు."

బల్ల ఊరుకుంది. అది ఊరుకుంటే ఇంకా కష్టం.

"ఓర్చుకోవడం," అంది అక్క. "ఎంత కష్టమైనా పట్టింది వదలకపోవడం."

"బట్ట కాలుతున్నా పెట్టె ఎత్తకపోతే?"

"అది ధైర్యమెలా అవుతుంది? మొద్దుతనం."

"మరి ఎత్తితే?"

మాడు వాసనొచ్చింది. అక్క పెట్టె ఎత్తింది. ఇన్నేళ్లలో ఆమె ఒక బట్ట కాల్చడం అదే మొదలు.

తమ్ముడు పరిగెత్తుకొచ్చి చొక్కా చూశాడు, అక్కని చూశాడు. అక్క పెట్టె వాడి చేతిలో పెట్టింది. వాడి చెయ్యి కిందకి జారింది.

"ఇంత బరువుంటుందా అక్కా ఇది," అన్నాడు మెల్లగా.

అక్క ఫోన్ తీసి, స్నేహితురాలికి వస్తున్నానని చెప్పింది.

బడి గేటు దగ్గర మొదటిరోజు, కుర్చీలో కూర్చుని దాని చేతి మీద తన చెయ్యి ఆనించి, అలవాటుగా కాసేపు ఎదురుచూసింది. కుర్చీ ఏమీ అడగలేదు.