సాక్షి ముక్క

మైనం దిమ్మ మీద ఒకసారి నోటితో ఊది, చక్రం తిప్పింది రిబ్బనమ్మ. ఐసు మీంచి అప్పుడే తీసిన దిమ్మ కోతకి విరిగిపోతుంది. ఒక్క వెచ్చటి ఊపిరి తగిలితే దారికొస్తుంది. కత్తి అంచున వెంట్రుకలో పదిహేనో వంతు మందాన పొర లేచింది. దాని తోకకి ఇంకోటి, ఆ తోకకి మరోటి. ఆ రిబ్బన్ని కుంచె మొనతో ఎత్తి గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో వదిలి, ముడతలు విచ్చుకున్నాక కిందనుంచి గాజు పలక పెట్టి ఒడుపుగా పైకి తీసింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే పని. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో పోతపోసి పొరలు కోసే ఈ గదిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

యాభై ఏడేళ్ల పొట్టి మనిషి. చక్రం తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి జారింది. బొటనవేలి నిండా కత్తి గాట్ల తెల్లటి గీతలు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, ఒక పెళ్లి దగ్గరుండి చూశానుగా, చాలు అంటుంది.

ఆ పెళ్లి అక్కది. ఆ పెళ్లికొడుకు గొంతులోంచి తీసిన ముక్కే మూడు రోజుల కిందట ఈ బల్ల మీదికి వచ్చింది.

చీటీ మీద ఇంటిపేరు, పేరు, వయసు అరవై మూడు. రెండుసార్లు చదువుకుని దిమ్మని యంత్రానికి బిగించింది. మామూలుగా అయితే మైనం చెక్కేసి, ముక్క నిండుగా బయటపడేదాకా లోపలికి దిగి, అప్పుడు పొర తీస్తుంది. ఆ రోజు ముక్క మొహం కనిపించీ కనిపించగానే చక్రం ఆపేసింది. పైనున్న నున్నటి చర్మం తప్ప పలక మీదికి ఏమీ రాలేదు. రోగం ఉంటే కిందే ఉంటుందని ఆమెకి తెలుసు. తెలిసే ఆపింది. తర్వాత నిద్ర పట్టి ఉండదనుకుంటారేమో. మూడు రాత్రులూ హాయిగా పట్టింది.

ఎందుకు పట్టదు? అక్కకి రెండేళ్లు రక్తం పోతుంటే, ఆడవాళ్ల రోగాలకి ఆస్పత్రులెందుకని గడప దాటనివ్వలేదు ఆ మహానుభావుడు. చివరికి రిబ్బనమ్మే బలవంతాన తీసుకొచ్చి పరీక్ష చేయించేసరికి గర్భాశయం కింది భాగమంతా పుచ్చిపోయింది. అక్క పోయిన రోజున నలుగురూ ఉండగా, "ఎవడితో తిరిగి తెచ్చుకుందో" అన్నాడు. ఒక్కరూ నోరెత్తలేదు. తనూ ఎత్తలేదు. పంతొమ్మిదేళ్లుగా ఆమె కడుపు మండుతున్నది అందుకే.

పొద్దున్నే చిన్న డాక్టరమ్మ ఆ పలక చూసింది. ఏమీ కనిపించడంలేదనీ, పదకొండింటికి 'రోగం లేదు' అని సంతకం పెట్టేస్తాననీ చెప్పింది. రిబ్బనమ్మ తల ఊపింది. కత్తి తుడిచింది. గోడ గడియారంలో తొమ్మిదీ నలభై.

ఈ డాక్టరమ్మే రెండేళ్ల కిందట అక్క రోగం సంగతి విడమరిచి చెప్పింది, అది అక్క సంగతని తెలియకుండానే. ఆ రోగం తెచ్చే వైరస్ ఆడామగా కలయికతో చాలామందికి సోకుతుందట, గొంతులోనూ చేరుతుందట, చాలామందిలో దానంతటదే పోతుందట. కొందరిలో మాత్రం దాని ముక్కొకటి, మనిషి డీఎన్ఏ తెగిన చోట దూరి అతుక్కుంటుంది. ఆ కణం రెండైతే అదీ రెండు. కణం హద్దు మీరకుండా కాపలా కాసే రెండు ప్రోటీన్లని పనికిరాకుండా చేస్తుంది. చుట్టుపక్కల డీఎన్ఏ తెగి, తారుమారై, ఒకటికి పది ప్రతులవుతుంది. చుట్టపుచూపుగా వచ్చి ఇంటి కాగితాల్లో పేరెక్కించుకున్నాడన్నమాట, అనుకుంది రిబ్బనమ్మ. అప్పుడు ఆమెకి గుర్తొచ్చింది బావే.

పది గంటలకి నీళ్లు తాగడానికి వరండాలోకి వచ్చింది. గోడవారగా వేసిన బల్ల మీద బావ కూర్చుని ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి, మెడకి రుమాలు చుట్టుకున్నాడు. ఒకప్పుడు వీధి చివరిదాకా వినిపించే గొంతు ఇప్పుడు గరగరలాడుతోంది. ఆమెని చూసి కాసేపటికి గుర్తుపట్టాడు.

"ఇంకా ఇక్కడేనా నువ్వు?"

"ఇక్కడే. మీకేమైంది?"

రుమాలు మీద చెయ్యి వేసుకున్నాడు. పక్కనున్నవాళ్లు వింటున్నారని కూడా చూసుకోలేదు. "ఏమవుతుంది? మీ అక్క పోతూ పోతూ దాని పాపం నాకు అంటించి పోయింది."

ఆమె ఒళ్లు భగ్గుమంది. గ్లాసు కడిగి, బోర్లించి, లోపలికి వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఇంకో గంట నోరు మూసుకుంటే చాలు. కాగితం మీద 'రోగం లేదు' అని పడుతుంది, ఏడాది తిరిగేలోగా అదే వాడి పని పడుతుంది. అక్కకి ఎంత ఆలస్యమైందో వాడికీ అంతే. తూకం సరిపోతుంది. కానీ ఆ తర్వాత? పోయినవాణ్ణి ఎవరు తిడతారు? పోయిన మర్నాటినుంచే మంచివాడైపోతాడు. అక్క మీద వాడన్న మాట మాత్రం అలాగే ఉండిపోతుంది. చచ్చి తప్పించుకుంటాడన్నమాట! ఆ ఆలోచనే ఆమెకి సహించలేదు.

వాడి దిమ్మని తిరిగి బిగించింది. ఊదింది. ఈసారి చక్రం ఆగలేదు. నున్నటి చర్మం దాటాక బూడిదరంగు గట్టి ముద్ద బయటపడింది. పొర తీసి, రంగు వేయించి, పదకొండుకి పది నిమిషాలుండగా డాక్టరమ్మ ముందు పెట్టింది.

"మొన్న పైపైన ఆపేశానమ్మా. తప్పు నాదే. ఇది చూడండి."

డాక్టరమ్మ చూసింది. సంతకం కోసం తీసిన కలం మూత పెట్టేసింది. పెద్దామె అలిసిపోయి ఉంటుందనుకుందేమో, తప్పు పట్టలేదు. వెంటనే వైరస్ పరీక్ష కూడా పెట్టమంది.

వైరస్ పరీక్షకి ఒక పద్ధతుంది. రోగి పొర పక్కనే, అదే పలక మీద, వైరస్ ఉందని ముందే తెలిసిన పాత పొర ఒకటి అంటించాలి. దానికి చుక్కలు పడితేనే పరీక్ష పనిచేసినట్టు. ఆ గదిలో దాన్ని సాక్షి ముక్క అంటారు. తొమ్మిదేళ్ల కిందట, పాత దిమ్మల్ని పారేసే అట్టపెట్టెలోంచి రిబ్బనమ్మ ఒకదాన్ని ఏరి దాచింది. ఇన్నేళ్లూ సాక్షికి పొర తీసింది అందులోంచే. అది అక్కది.

సొరుగులోంచి దాన్ని తీసి వెలుతురుకి పట్టి చూసింది. లోపల గోటి మీది తెల్లమచ్చంత ముక్క మిగిలింది. వేరే సాక్షి దిమ్మలు లేక కాదు, అలమర నిండా ఉన్నాయి. వాటివైపు చూడనైనా చూడలేదు. దిమ్మ మీద ఊదింది. ఒక పొర వచ్చింది, రెండోది సగమే వచ్చింది, మూడోది ఉత్త మైనం. ఆ ఒక్క పొరనీ బావ పొర పక్కన, వేలి మందం దూరంలో అంటించింది. మొగుడూ పెళ్లాలూ పంతొమ్మిదేళ్ల తర్వాత ఒక చోటికి చేరారు.

సాయంత్రం అయిదున్నరకి పరీక్ష తేలింది. డాక్టరమ్మ బావని లోపలికి పిలిచి తెర మీద చూపించింది. తలుపు దగ్గర రిబ్బనమ్మ చేతులు తుడుచుకుంటూ నిలబడింది. కణం కణంలోనూ సూదిమొనంత నీలం చుక్క. వైరస్ డీఎన్ఏలో అతుక్కుందనడానికి గుర్తు అదేననీ, తొందరగా దొరికింది కాబట్టి వైద్యానికి బాగానే లొంగుతుందనీ డాక్టరమ్మ చెప్పింది.

"ఆ పక్కదానికీ చుక్కలున్నాయే. ఎవరిదది?" అన్నాడు బావ.

"ఏదో పాతది. సరిచూసుకోడానికి పెడతాం."

"అక్కది," అంది రిబ్బనమ్మ.

డాక్టరమ్మ చివాలున తల తిప్పి చూసింది. బావ గుటక మింగబోయాడు, నొప్పికి మొహం ముడుచుకుపోయింది. తర్వాత గరగరమంటూ అడిగాడు, అయితే తనకి వచ్చింది ఆమెనుంచేగా అని. ఎవరినుంచి ఎవరికో ఈ పరీక్ష చెప్పదనీ, ఇది ఎవరి నడతకీ రుజువు కాదనీ డాక్టరమ్మ కటువుగానే చెప్పింది.

రిబ్బనమ్మ రెండడుగులు ముందుకేసింది. పుట్టి బుద్ధెరిగాక బావని మీరు అని తప్ప పిలవలేదు.

"నాకు ఏ పరీక్షా అక్కర్లేదు. నువ్వు తప్ప వేరే మనిషి తెలీదని అక్క నా చేతిలో చెయ్యేసి చెప్పి పోయింది. ఇవాళ తను నీ పక్కన నిలబడి సాక్ష్యం చెబితేనే నీ రోగమేమిటో తేలింది. ఆ రోజు నలుగురిలో అన్నావే, ఆ మాట ఇప్పుడు మళ్లీ అను. వింటాను."

బావ మెడకున్న రుమాలు సర్దుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా తెరవైపు చూశాడు. "ఆ ముక్క ఇంకా ఉందా నీ దగ్గర?" అన్నాడు.

"లేదు. ఆఖరిది నీకే ఖర్చయింది. బతుకు బావా. ఆ మాట మింగుతూ బతుకు."

ఆమె తన గదిలోకి వెళ్లింది. తొట్టిలో నీళ్లు పారబోసింది, కత్తి తీసి డబ్బాలో పెట్టింది, కళ్లద్దాలు తుడుచుకుంది. తుడిచిన కళ్లద్దాలు మళ్లీ మసకబారాయి, మళ్లీ తుడుచుకుంది. దీపం ఆర్పేముందు యంత్రంలోంచి అక్క దిమ్మని విప్పి బల్ల మీద పెట్టింది. అంచున పంతొమ్మిదేళ్ల కిందట తన చేత్తో రాసిన అంకె చెక్కుచెదరలేదు. లోపల ఎక్కడా చిన్న మచ్చయినా లేని తెల్లటి మైనం.