మెడ కింద చెయ్యి

కూతురు పుట్టిన గడియలో సదానందం ఏడుస్తూనే ఉన్నాడు. కాకపోతే ఆ ఏడుపు ఆస్పత్రి వరండాలో కాదు, సినిమా హాల్లో. తెర మీద తాగుబోతు తండ్రి ఒకడు అప్పుడే పుట్టిన పసిగుడ్డును మొదటిసారి చేతుల్లోకి తీసుకుంటాడు. తీసుకుని, ఇన్నాళ్లూ తాను చేసిన వెధవ పనులన్నీ గుర్తొచ్చి కూలబడిపోతాడు. అది చూసి మనవాడు చేతిరుమాలు తడిపేశాడు. అదే సమయంలో జేబులో నోరు నొక్కేసిన ఫోనుకు పదకొండు కాల్స్ వచ్చిపోయాయని ఆట ముగిశాక గానీ ఆ మహానుభావుడికి తెలియలేదు.

నొప్పులు పడుతున్న అతని పెళ్లాం మంగను ఆటో ఎక్కించింది ఆమె తల్లి కొమురవ్వ, కాన్పు చేయడానికి ఊరి నుంచి ఈ మిల్లుల పేట ఉధ్నాకు వచ్చిన మనిషి. మగ్గాల కార్ఖానాలో డబల్ డ్యూటీ పడ్డదని సదానందం అల్లిన అబద్ధం మూడు రోజులు నిలబడింది. నాలుగో రోజు చొక్కా ఉతకబోతే జేబులో సినిమా టికెట్టు దొరికింది. మంగ అరవలేదు, తిట్టలేదు.

"సినిమాల పిల్లను జూసి ఏడ్చినవు గద. ఆ పిల్లనే ఎత్తుకో. నా బిడ్డను ముట్టకు" అంది.

అన్నంత పనీ చేసింది. అప్పటి నుంచి సదానందం తన కూతురిని గడప అవతల నుంచి చూడడమే తప్ప, వేలితో తాకింది లేదు.

వాళ్లు అద్దెకుండే గదుల వరసలోనే నాలుగో గదిలో ఉమాకాంత్ ఉంటాడు. ప్రింట్ మిల్లులో చీరల మీద వేసే పువ్వులూ మామిడి పిందెలూ గీయడం అతని పని. సదానందం అతని దగ్గరికొచ్చి ఒక కోరిక కోరాడు. ఆ సినిమాలోని సీనునే పెద్దగా గీయాలి, హీరో మొహం బదులు తన మొహం పెట్టాలి. ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో వేసేటప్పుడు మంగ దాన్ని చూసి కరగాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని ఉమాకాంత్‌కు అనిపించింది. ఏ సినిమా వల్ల కొంప మునిగిందో ఆ సినిమానే గోడకెక్కిస్తాననే మొగుణ్ణి అతను ఎక్కడా చూడలేదు. అయినా పన్నెండేళ్లుగా మామిడి పిందెలు గీసి గీసి విసిగిన చెయ్యి, మనిషి మొహం అనేసరికి దురద పెట్టింది. ఒప్పుకున్నాడు.

భంగిమ కోసం బిడ్డకు బదులు బట్టచుట్ట ఒకటి ఇచ్చి పట్టుకోమన్నాడు. సదానందం దాన్ని టక్కున భుజాన వేసుకున్నాడు. పొద్దున లేస్తే కార్ఖానాలో మోసేది ఆ చుట్టలే కదా, భుజానికి వేరే సంగతి తెలియదు. భుజం మీద కాదురా నాయనా, చేతుల్లో అంటే, టెంపోలోకి అందించేవాడిలా రెండు కొసలూ పట్టుకుని ముందుకు చాచాడు. నలుగురు పిల్లల్ని పెంచిన ఉమాకాంత్ లేచి, మెడ కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టించేసరికి పూట గడిచిపోయింది.

బొమ్మ మాత్రం అద్భుతంగా వచ్చింది. ఉమాకాంత్ దయతలచి సదానందం పొట్ట కాస్త తగ్గించాడు, రంగు కాస్త తేల్చాడు. అది చూసి సదానందం మళ్లీ ఏడ్చాడు. రంగు ఇంకా ఆరలేదు, దూరంగా జరిగి ఏడవమన్నాడు ఉమాకాంత్.

అతను వెళ్లాక ఉమాకాంత్‌కు అనుమానం పట్టుకుంది. బొమ్మ ఇంత బాగుంటే మంగ ఏం చేస్తుంది? బాగుందన్నా అని గోడకు తగిలిస్తుంది. గోడ మీద తండ్రి బిడ్డను ఎత్తుకుని ఉంటాడు, అసలు తండ్రి గడప బయటే ఉంటాడు.

చీరల డిజైన్లు గీసేవాళ్లకు ఒక పాత కిటుకుంది. సేఠ్‌కు చూపించే డిజైన్‌లో కావాలనే ఒక తప్పు వదలాలి. సేఠ్ ఆ తప్పు పట్టుకుని, తన కన్ను ఎంత వాడిదో అని మురిసిపోయి, మిగతాదంతా పాస్ చేస్తాడు. తప్పు లేని డిజైన్ అయితే వంద వంకలు పెడతాడు. ఉమాకాంత్ కుంచె తీసి, బొమ్మలో మెడ కింద చేతిని చెరిపి నడుము దగ్గరికి దించాడు. పసిబిడ్డ తల వెనక్కి వేలాడింది. గీసిన వాడికే గుండె కలుక్కుమంది. సదానందానికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఇరవై ఒకటో రోజు తొట్టెలకు పూలు కట్టారు, వరసలోని ఆడవాళ్లంతా వచ్చారు. సదానందం కొత్త చొక్కా వేసుకుని, తన మొహం తప్ప ఇంకేదీ చూడకుండానే బొమ్మను గడప దగ్గర నిలబెట్టి, తాను దాని వెనక నిలబడ్డాడు. రంగుల డబ్బాతో ఉమాకాంత్ పక్కన చేరాడు. బిడ్డను ఎత్తుకుని మంగ వచ్చింది. ముందు మొహం చూసి, ఈయన ఇంత తెల్లగా ఎప్పుడున్నాడని అడిగింది. అందరూ నవ్వారు. తర్వాత ఆమె చూపు కిందికి జారి, వేలాడుతున్న తల మీద ఆగింది. నవ్వు పోయింది.

"ఇదేంది అన్నా, పిల్ల మెడ ఇరుగుతది."

"నాకేం ఎరుక చెల్లె, వీడు గట్లనే పట్టుకున్నడు. సరిగ పట్టుకుని చూపిస్తే ఇప్పుడే దిద్దుత" అన్నాడు ఉమాకాంత్, ఏమీ ఎరగనివాడిలా రంగుల డబ్బా తెరుస్తూ.

మంగ మొగుణ్ణి చూసింది. బొమ్మను చూసింది. వేలాడే ఆ తలను ఇంకొక్క క్షణం భరించడం ఆమె వల్ల కాలేదు. గడప దాటి వచ్చి బిడ్డను సదానందం చేతుల్లో పెట్టి, అతని కుడిచెయ్యి లాగి మెడ కిందికి తోసింది.

సినిమాలో లాగా అతను కూలబడలేదు. ఏడవనూ లేదు. అన్నిసార్లు ఏడ్చినవాడికి ఇప్పుడు కన్నీళ్లు గుర్తే రాలేదు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. బిడ్డ ఆవులించి కొత్త చొక్కా తడిపింది. అయినా కదలలేదు.

దిద్దాల్సింది ఒక్క చెయ్యి. ఉమాకాంత్ బిడ్డ కాలిగోళ్ల దగ్గర మొదలుపెట్టాడు. తర్వాత తండ్రి చొక్కా గుండీలకు వెళ్లాడు. తొట్టెల వేళ మించిపోతోందని కొమురవ్వ లోపలి నుంచి గొణుగుతోంది. మంగ వచ్చి ఉమాకాంత్ వెనక నిలబడి కాసేపు చూసింది. ఎవరికీ వినబడకుండా వంగి అంది.

"నలుగురు పిల్లల తండ్రివి. మెడ కింద చెయ్యి పెట్టాల్నని నీకు ఎరుక లేదా?"

తేలు కుట్టిన దొంగలా ఉమాకాంత్ రంగుల డబ్బాలోకి తల దూర్చాడు. కుంచె ఆగిపోయింది. మంగ మొగుడి దగ్గరికి వెళ్లి, బిడ్డ మీది గుడ్డ సర్ది, చెమట కారుతున్న అతని మొహాన్ని కొంగుతో తుడిచింది.

"జల్ది ఏం లేదన్నా" అంది ఇటు తిరగకుండానే. "జర మెల్లగనే గియ్యి."