దసరా దాకా నడిస్తే చాలు

నేను ఒక బల్లమీది కంప్యూటర్‌ని. బూడిదరంగు పెట్టె, దాని పక్కన బొద్దుగా ఓ తెర, ముందు మూడు అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డు. నా విడిభాగాలు ఏవేవో దేశాల్లో పుట్టాయంటారు గానీ, వాటన్నిటినీ ఒక్కటిగా బిగించింది మాత్రం అనంతపురంలో, ఓ మెట్ల కింది దుకాణంలో. అందుకని నా సొంతూరు అనంతపురమనే చెప్పుకుంటాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

మొదట నన్ను ఓ ప్రైవేటు కాలేజీ కొన్నది. అక్కడ రెండేళ్లపాటు పిల్లల చేత పేకాట ఆడించాను. తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే నా తెర మీద ఏదో ఒక పట్టిక తెరిచి పెట్టేవారు. ఆ కాలేజీ మూతపడ్డాక ధర్మవరం నుంచి జింకా లోకనాథ్ వచ్చి నన్ను కొని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాడు. అంత మర్యాద నాకు అంతకుముందు ఎవరూ చేయలేదు.

లోకనాథ్ పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. తెర నిండా చిన్న చిన్న గళ్లుంటాయి. ఒక్కో గడి ఒక్కో దారం. ఏ గడి నింపాలో, ఏది వదలాలో చూసుకుంటూ పోతే అంచు తయారవుతుంది. దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి మగ్గం పైన కడితే చీర మీద నెమలి దిగుతుంది. నెమలి ఎలా ఉంటుందో నాకు తెలియదు. దాని గళ్లు మాత్రం బాగా తెలుసు.

ఆ ఊళ్లో డిజైను బయటికి పొక్కితే అంతే సంగతులు. సోమవారం ఒక ఇంట్లో గీసిన కొంగు శనివారానికల్లా పక్కవీధి మగ్గం మీద కనబడుతుంది. ఒకసారి అలాగే దెబ్బతిన్న లోకనాథ్ నాకు ఇంటర్నెట్ పీకేశాడు. పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రాలను లక్క కరిగించి మూసేశాడు. ఆ రోజు నుంచి నాలోకి వచ్చింది నాలోనే ఉండిపోయేది. నేనూ పొంగిపోయాను. ఇంటి బీరువా కంటే నన్నే ఎక్కువ నమ్ముతున్నాడు కదా అని.

లోకనాథ్ భార్య సరళకు ఓ చిన్నాయన ఉన్నాడు, ఓబులయ్య. యాభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక మగ్గం మానేశాడు. కానీ ఆయన తలలో నూట నలభై పాత అంచులు ఉండిపోయాయి. రుద్రాక్ష అంచు, చిలకముక్కు, తేలుకొండి, ముత్యాల పేట. అవి ఏ మగ్గం మీదా ఇప్పుడు లేవు, ఏ కాగితం మీదా లేవు. రోజూ మధ్యాహ్నం భోంచేసి వచ్చి లోకనాథ్ పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని చెప్పేవాడు. మూడు నింపు, ఒకటి వదులు, రెండు నింపు. తప్పు పడితే చూడకుండానే పట్టేసేవాడు. అలా రెండేళ్లకు పైగా చెప్పి నూట నలభై పూర్తి చేశారు. చివరిది అయిన రోజు ఆయన నా నెత్తి మీద చెయ్యి వేశాడు. ఈ కళ్లతో వాటిని మళ్లీ చీర మీద చూడాలి, అంతే చాలు అన్నాడు. అప్పటికి ఆరింటికి అట్టలు తయారయ్యాయి. తక్కినవి కొత్త కంప్యూటర్ వచ్చాక నిదానంగా చేద్దామనుకున్నారు.

కొత్త కంప్యూటర్ మాట అప్పుడు ఎందుకొచ్చిందంటే, జ్యేష్ఠమాసంలో నా లోపల టక్‌టక్‌మని చప్పుడు మొదలైంది. మెకానిక్ జిలానీ వచ్చి నా పక్కకు చెవి ఆనించి విన్నాడు.

"అన్నా, దీన్ని ఇంగ ఆపొద్దు. ఆపితే మళ్లా లేస్తాదని నేను చెప్పలేను. బిరీన కొత్తది తెచ్చుకో," అన్నాడు.

పోనీ, ఉన్నదంతా ఇప్పుడే ఒక డిస్కులోకి ఎక్కించి ఇస్తానన్నాడు. లోకనాథ్ నవ్వి ఊరుకున్నాడు. జిలానీ వెళ్లాక, అంత విలువైనదాన్ని పరాయి చేతికి ఎట్లా ఇస్తాం, కొత్తది వచ్చాక మన కళ్లెదుటే ఇందులోంచి నేరుగా అందులోకి ఎక్కిద్దామని భార్యతో చెప్పాడు. నాకు గుండె ఉంటే గుభేలుమనేది.

ఇక కొత్తది ఎప్పుడు కొనాలనే చర్చ మొదలైంది. డబ్బు సిద్ధంగానే ఉంది. కుదరనిదల్లా రోజు. ఆషాఢంలో కొత్త వస్తువు ఇంటికి తేకూడదన్నది సరళ. చీరలు మాత్రం ఆషాఢం తగ్గింపులో తామే అమ్ముకుంటున్నారు. శ్రావణంలో పెళ్లిళ్లు, దుకాణం దాకా వెళ్లే తీరిక లేదు. ఒకనాడు తీరిక చేసుకుని వెళితే దుకాణంలో కుర్రాడు, వచ్చే నెల దీనికంటే మంచిది వస్తోంది సార్, తొందరపడకండి అన్నాడు. వచ్చే నెల వచ్చేసరికి దానికంటే మంచిది ఆపై నెలలో వస్తోందని తెలిసింది. ఇంతలో మహాలయ పక్షాలు వచ్చాయి. ఆ పదిహేను రోజులూ కొనుగోళ్ల ఊసే లేదు. చివరికి అందరికీ నచ్చిన రోజు విజయదశమి. ఆ రోజు మొదలుపెట్టినది ఏదైనా నిలుస్తుందని పురోహితుడు కూడా చెప్పాడు. దసరా దాకా నడిస్తే చాలు అని లోకనాథ్ నన్ను తట్టాడు.

నాలుగు నెలలు నడిచాను. రాత్రీ పగలూ ఆగకుండా, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద ఊపిరి పీల్చుకుంటూ. నేను చేయగలిగిందల్లా చప్పుడు చేయడం. ఎంత గట్టిగా చేస్తే అంత అలవాటు పడిపోయారు. మొదట్లో ఉలిక్కిపడిన సరళ, తర్వాత తర్వాత ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదని నవ్వేది.

కొత్త కంప్యూటర్ దుకాణంలో పేరు రాసిపెట్టి ఉంది. దశమి పొద్దున పదీ ఇరవైకి ముహూర్తం. దానికి ముందురోజు నవమి, ఆయుధపూజ. ఇంట్లో ఉన్న రెండు మగ్గాలూ ఆపి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూలు కట్టారు. సరళ నాకూ మూడు బొట్లు పెట్టింది. ఓబులయ్య హారతి అద్దుకుని నా వైపు చూశాడు. నా దీపం వెలుగుతూనే ఉంది, నేను టక్‌టక్‌మంటూనే ఉన్నాను.

"మగ్గాలన్నీ నిలిపితిమి. దీన్నొకదాన్ని ఎట్ల పని చేయిస్తావప్పా? ఇదీ మన ఇంటి పనిముట్టే గదా. ఈ పొద్దొక్కరోజు దీన్ని నిద్రపోనీ," అన్నాడు.

జిలానీ మాట లోకనాథ్‌కి గుర్తుంది. నా చప్పుడు విన్నాడు, పెద్దాయన ముఖం చూశాడు. ఒక్క పూటే గదా మామా, అని తనకు తానే చెప్పుకున్నట్టు అని, స్విచ్ మీద వేలు పెట్టాడు. వద్దు అనడానికి నాకు నోరు లేదు. నా మీద కోపంతో ఆపి ఉంటే అంత బాధ ఉండేది కాదు. నా మీద ప్రేమతో ఆపారు.

మర్నాడు ముహూర్తానికి కొత్తది వచ్చింది. సన్నగా, నల్లగా, చప్పుడన్నది లేకుండా ఉంది. దానికి దిష్టి తీసి, నన్ను ఆన్ చేశారు. ఫ్యాను తిరిగింది. అంచులన్నీ ఉన్న డిస్కు లేవబోయి గీరుకుంది. మళ్లీ లేవబోయింది. మూడోసారి ఆ ప్రయత్నం కూడా చేయలేదు. తెర మీద నా లోపల డిస్కన్నదే కనబడటం లేదని రాసి వచ్చింది.

జిలానీ పరుగెత్తుకొచ్చాడు, చూశాడు, డిస్కును విప్పి బయటికి తీశాడు. డిస్కును బెంగళూరు పంపారు. ఇరవై రోజుల తర్వాత అది ఉత్తరంతో సహా తిరిగొచ్చింది. లోపలి పళ్లెం మీద పూత మొత్తం గీసుకుపోయింది, ఏదీ తీయలేమని అందులో ఉంది. అట్టలకెక్కిన ఆరు తప్ప అంచులన్నీ పోయాక ఈ గోడు మాత్రం ఎలా మిగిలిందని నన్ను అడగకండి. నాకూ అర్థం కావడం లేదు.

ఓబులయ్య మాత్రం కంగారు పడలేదు. చెప్పినవాణ్ని నేనుండాను గదా, మళ్లీ రాసుకో అని కొత్తదాని ముందు కూర్చుని కళ్లు మూసుకున్నాడు. తేలుకొండి మొదలుపెట్టాడు. మూడు నింపు, ఒకటి వదులు. ఆగాడు. రెండు నింపు, కాదు, నాలుగు. మళ్లీ మొదటికి వచ్చాడు. నాలుగు రోజుల్లో తొమ్మిది అంచులు సగం సగం వచ్చాయి. వాటిలో ఏది సరైనదో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. ఐదో రోజు ఆయన కళ్లు తెరిచాడు.

"నీకు చెప్పేవరకు ప్రతి రోజూ పడుకునే ముందు అన్నీ ఒకసారి చదువుకుంటాంటి, మర్చిపోతానేమోనని. పెట్టెలోకి ఎక్కినంక ఇంగ మోసేదెందుకని దించేస్తి, లోకనాథా."

ముసలాయన లేచి, గోడ పక్కన నేల మీద ఉన్న నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. జరిగిందంతా ఆ క్షణానికి ఆయన మరిచిపోయాడో ఏమో, నా తెర మీద దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"దీన్ని అడుగప్పా," అన్నాడు. "నా కంటే దీనికే బాగా తెలుసు."

ఆయన నా ముందు కూర్చుని ఎదురుచూస్తూనే ఉన్నాడు.