చివరి తడి

పొక్లెయిన్ చప్పుడు వినగానే చేతిలో పార అలాగే పట్టుకుని పరిగెత్తాను. అది వెంకట్రామయ్య బాబాయి గారి చేలోకి దిగబోతోంది. వెళ్లి అడ్డంగా గట్టు మీద నిలబడ్డాను.

కృత్తివెన్నులో మా వైపు చుట్టూ రొయ్యల చెరువులే. మధ్యలో మిగిలిన వరి చేలు రెండే, ఆయనది, నాది. కాలవ నీళ్లు ఆయన చేను దాటితేనే నా చేనుకొస్తాయి. మా మావగారి నాటి నుంచీ అంతే, పై చేను తడిశాక కింది చేనుకి వదలడం. ఈ ఏడు బాబాయి గారు మోకాళ్ల నొప్పులని వరి నాట్లు ఊడ్చలేదు గానీ నీళ్లకి అడ్డు చెప్పలేదు. ఇప్పుడు ఆయనా చెరువు తవ్విస్తే నాకు నీటి దారేది? నా ఎకరంన్నర వరి పొట్ట మీదుంది. ఇంకొక్క తడి పడితే గింజ, లేకపోతే గడ్డి.

"తప్పుకోండమ్మా, పని చేసుకోనివ్వండి," అన్నాడు డ్రైవరు.

"ముందు నన్ను తవ్వి పక్కన పొయ్యి. తర్వాత చేను తవ్వుదువుగాని."

నా నోటి సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అతనికి కొత్త, పాపం. ఇంజను ఆపేశాడు.

బాబాయి గారు కుంటుకుంటూ వచ్చారు. నా మొహం చూడలేదు. "చెరువుకని కౌలుకిచ్చేశాను ఎస్తేరమ్మా."

"మీ పొలం, మీ ఇష్టం. ఈ ఒక్క తడీ అయ్యాక తవ్వించుకోండి. కాలవలో నీళ్లొచ్చాయి. నీళ్లు దిగడానికి నా గట్టుకి మడవ కూడా తీసిపెట్టుకున్నాను."

"ఆ నీళ్లు వద్దమ్మా."

ఒళ్లు మండింది. ఆయన మాట వినిపించుకోకుండా వెళ్లి కాలవ గట్టుకి గండి కొట్టాను. నీళ్లు ఆయన చేలోకి దిగాయి.

"ఒక్కసారి నోట్లో పోసుకుని చూడు!" అని అరిచారు.

దోసిట్లో పట్టి నాలుక తడిపాను. ఉప్పు.

"పై చెరువులవాళ్లు రొయ్య పట్టాక నీళ్లన్నీ కాలవలోకే తోడేస్తున్నారు. పోయినేడు నా చేను తాలుపోయింది దోమపోటు వల్ల కాదు, ఈ ఉప్పు వల్లే. నువ్వు ముందు కోసేశావు కాబట్టి నీది దక్కింది."

"ఊడ్చకముందే చెప్పలేదేం?"

ఆయన నా చేను వైపు చూస్తూ అన్నారు: "చెప్తే నువ్వూ మానేసేదానివి. పొద్దున్నే లేచి చూసుకోడానికి ఒక్క పచ్చటి చేనైనా ఉంటుందనుకున్నాను."

పార విసిరికొట్టాలనిపించింది. అంత కోపంలోనూ ఏడుపొచ్చింది. ఈలోగా నీళ్లు సగం చేను దాటేశాయి. నా మడవ వైపే వస్తున్నాయి, పారతో పూడ్చే వ్యవధి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నీళ్లు రాకపోతే పంట పోతుంది. వస్తే పంటతో పాటు నేలా పోతుంది.

పొక్లెయిన్ దగ్గరికి పరిగెత్తాను. "ఇంజను వెయ్యి బాబూ! నా మడవ పూడ్చెయ్యి, తొందరగా!"

"ఇందాక వద్దన్నారు కదండీ?"

"ఇప్పుడు నేనే చెప్తున్నాను. ఈ చేలోదే మన్ను తవ్వి పొయ్యి."

బాబాయి గారి చెరువుకి మొదటి బకెట్టు మన్ను నేనే తవ్వించాను.